మగ్గం గుంతలో పిల్లల ఖోలీ

సోలాపూర్ నీలం నగర్‌లో నల్లా వచ్చే వేళకు ఆ ఇంట్లో మూడు పనులు ఒక్కసారే మొదలయ్యేవి. కోడలు చంద్రభాగ బీడీల కోసం ముందురోజు తడిపి పెట్టిన తునికాకును గోనెపట్టా విప్పి చూసేది. కొడుకు దత్తాత్రి చాయ్ గ్లాసు కింద పెట్టి, పవర్‌లూమ్ కార్ఖానాకు పోవడానికి సైకిలు గడప దించేవాడు. యల్లమ్మ అదే గడప మీద ఒక పక్కకు ఒదిగి కూర్చుని పెద్ద మనుమరాలిని పిలిచేది.

"సునందా, మీ తాత పేరు చెప్పవే."

"రాజారాం పెంటప్ప."

"జర గట్టిగ."

"రాజారాం పెంటప్ప!"

ఏడేళ్ల సునంద గొంతు గల్లీ చివరిదాకా పోయేది. పక్కింటి రాజమ్మ అది విని, "అగో, ఏడు కొట్టింది," అని పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆమె ఇంట్లో గడియారం లేదు.

యల్లమ్మ కాపురం నలభై నాలుగేళ్లు నడిచింది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా పెనిమిటి పేరు నోటితో అనలేదు. మంచి ఇంటి ఆడది అనకూడదు. రేషన్ కార్డు రాసే గుమాస్తా అడిగినా కొడుకు వైపు చూపించేది. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆమెకు పట్టుకున్న భయమల్లా అదే. నాలుక మీదికి ఎన్నడూ రాని పేరు మనసులోంచి జారిపోతే ఎక్కడని వెతుక్కోవాలి? అందుకని రోజూ పొద్దున్నే మనుమరాలి చేత చెప్పించుకుని, తల ఊపి, కొంగు చివర ఉన్న ముళ్లలో ఒకదాన్ని వేళ్లతో తడిమేది.

ఆ కొంగుకు పందొమ్మిది ముళ్లు ఉండేవి. మర్చిపోకూడని ఒక్కో సంగతికి ఒక్కో ముడి. అందరూ వేసుకునే ముడి వేసుకుంటే పోయేది. కానీ యల్లమ్మ వేళ్లు చిన్ననాటి నుంచి మగ్గం మీద తెగిన పోగులు అతికిన వేళ్లు. అవి వేసేది సాలెముడి. చీమ తలంత ఉంటుంది, ఒకసారి పడిందంటే విప్పడమనేది లేదు, కోయడమే. చీరకు అట్లాంటి ముడి వేయొద్దని చంద్రభాగ ఎన్నిసార్లు చెప్పినా, చేతులు ముసలమ్మ మాట కూడా వినేవి కావు. చీర మార్చినప్పుడల్లా ఆ కొంగుముక్క కోసి కొత్త చీరకు కుట్టుకునేది.

ముడి వేయనివి మాత్రం ఒకటొకటిగా జారిపోతుండేవి. జారినవి ఎక్కడికీ పోయేవి కావు. వెనక గదిలో, గల్లీ మాటలో ఖోలీలో, ఉన్న మగ్గం గుంతలో పడేవి.

సోలాపూర్‌కు నేతపనికి వచ్చిన సాలోళ్ల ఇళ్లలో అట్లాంటి గుంత చాలా చోట్ల ఉండేది. మగ్గం ముందు కూర్చున్నవాడు కాళ్లు అందులో పెట్టుకుని పావుకోళ్లు తొక్కుతూ నేసేవాడు. చేతి మగ్గాలు పోయాక కొందరు పూడ్చుకున్నారు, కొందరు బొగ్గులు పోసుకున్నారు. రాజారాం పోయిన ఏడాదికి దత్తాత్రి మగ్గం కర్రలు విప్పి అమ్మేశాడు గానీ గుంత అట్లాగే ఉండిపోయింది. మొదట అందులో ఒక దంపుడు పాట పడింది. రెండు రోజులు రోకలి చప్పుడుతో సహా వినపడి తర్వాత సన్నగిల్లింది. ఆపైన సొట్టపోయిన ఇత్తడి చెంబు. తర్వాత యల్లమ్మ అత్తగారి తిట్లు, వరుస తప్పకుండా. ఒకనాడు నల్లటి మేకపిల్ల ఒకటి కనపడింది. మేత తినేది కాదు, పెంటికలు వేసేది కాదు. సునంద దాన్ని ఎత్తుకొచ్చి చూపిస్తే యల్లమ్మ కసిరింది.

"ఎవరి మేకనే అది? వాళ్లది వాళ్లకు ఇచ్చి రాపో. మాట వస్తది."

తొమ్మిదేళ్ల వయసులో ఆమె పక్కలో పడుకోబెట్టుకున్న మేకపిల్ల అది. చంద్రభాగకు ఆ కథ తెలుసు, అత్త చెప్పిందే. మేకను తీసుకెళ్లి మళ్లీ గుంతలో దించింది.

అయితే అప్పుడు ఆ ఇంటికి వచ్చిన కష్టం మేక కాదు, దగ్గు.

చిన్న పిల్ల అంబుకు మూడేళ్లు. ఉన్నవి రెండే ఖోలీలు. ముందు ఖోలీలో చంద్రభాగ ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. వంట అక్కడే, పడక అక్కడే, తంబాకు పొడి అక్కడే. అంబు ఆ చాట చుట్టూ పాకింది, ఆ చాట పట్టుకునే నిలబడడం నేర్చింది. ఆషాఢం ముసురు పట్టేసరికి దగ్గు మొదలైంది. దగ్గీ దగ్గీ పిల్ల పెదాలు నేరేడు రంగుకు తిరిగేవి. డాక్టరు పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. చంద్రభాగ చేతుల వైపు చూశాడు. గోళ్ల సందుల్లో గోధుమరంగు పొడి.

"ఇంట్లోంచి తంబాకునన్నా తియ్యి, పిల్లనన్నా తియ్యి," అన్నాడు మరాఠీలో. "రెండూ ఒకచోట ఉంటే నా మందు పని చెయ్యదు."

తంబాకు తీయడానికి లేదు. బీడీలు అప్పజెప్పడం ఆపితే బీడీ కంపెనీ కార్డు మీద పేరు కొట్టేస్తారు. దత్తాత్రి ఒక్కడి చేతి మీద ఇల్లు నడవదు. గల్లీలో కూర్చుందామంటే ముసురు.

ఈ సంగతి పంఢర్‌పూర్ చేరింది. దత్తాత్రి అక్క పార్వతీబాయిని అక్కడిచ్చారు. మొగుడు తులసిమాలలు అమ్ముతాడు, పెద్ద వాకిలి ఉన్న ఇల్లు, పెళ్లయి పన్నెండేళ్లయినా పిల్లలు లేరు. ఆమె దగ్గర్నుంచి పోస్టుకార్డు వచ్చింది. ఏకాదశి జాతర అయ్యాక బేస్తవారం వస్తాననీ, అంబును తీసుకుపోయి నెల రోజులు పెట్టుకుంటాననీ రాసింది.

నెల అని రాసినా అది నెల కాదని అందరికీ తెలుసు. రాజమ్మ చెల్లెలి కొడుకు అట్లాగే రెండు నెలలకని భివండీలో మేనత్త ఇంటికి పోయి, అక్కడే మీసాలు తెచ్చుకున్నాడు. ఇప్పుడు కన్నతల్లిని పిన్నీ అంటాడు.

"వద్దని రాయరాదుండ్రి," అంది చంద్రభాగ మొగుడితో.

"రాస్తే దగ్గు ఆగుతదా?" అన్నాడు దత్తాత్రి. తర్వాత గొంతు తగ్గించి, "అక్క మంచిగ చూస్కుంటది," అన్నాడు.

"మంచిగ చూస్కుంటదనే నా భయం."

వదిన చెడ్డదైతే పోట్లాడొచ్చు. పార్వతీబాయి మంచిది. పిల్లను తీసుకుపోతే చందమామలా పెంచుతుంది. ఆ మంచితనానికి అడ్డంగా వేయడానికి చంద్రభాగ దగ్గర ఒక్క మాట లేదు.

ఆదివారం పొద్దున ఆమె చాట ముందు కూర్చోలేదు. కొంగు నడుముకు చుట్టి వెనక ఖోలీ తలుపు తోసింది.

"ఈ ఖోలీ పిల్లలది," అంది. "ఈడ తంబాకు పోగు కూడ అడుగు పెట్టద్దు. నేను అటు, పిల్లలు ఇటు. నడుమ పర్దా. వదినె వచ్చేసరికి దగ్గు ఆగాలె."

ఖోలీ ఎనిమిదికి పది అడుగులు. అందులో సగం కట్టెలు, ఖాళీ బియ్యం డబ్బాలు, విరిగిన రాట్నం. మిగతా సగం గుంత. దత్తాత్రి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"గుంత పూడుస్త. మీద ఫర్షీ ఏసిన్నంటే పిల్లలు ఉరుకొచ్చు."

గడప మీద ఉన్న యల్లమ్మ లేచి వచ్చింది. "పూడుస్తవా? నావన్ని అండ్లనే ఉన్నయి గదరా."

"అవ్వా, అవి నువ్వు మర్చిపోయినయే గదా. ఏమేం ఉన్నయో కూడ నీకు ఎరుక లేదు."

"ఎరుక లేదు గనకనే పూడ్చద్దంటున్న."

చంద్రభాగ గుంత అంచున కూర్చుని లోపలికి చూసింది. చల్లగా ఉంది. మేకపిల్ల తల ఎత్తి ఆమెను చూసింది.

"పూడ్చుడు ఎందుకు? గుంతనే ఖోలీ చేద్దాం," అంది. "మీద అయితే తలుపు సందుల నుంచి తంబాకు వస్తది. కిందికి రాదు."

ఎంత లోతో, ఎంత పొడవో కొలుద్దామని దత్తాత్రి టేపు తెచ్చాడు. తండ్రి కూర్చున్న రోజుల్లో మోకాలికి పైన, మూడడుగులు. మూడేళ్ల నుంచి యల్లమ్మవి అందులో పడుతున్నాయి, వాటికి చోటు కావాలి కదా, గుంతే జరిగి చోటిచ్చింది. టేపు అయిపోయినా అటు మూల అందలేదు. దత్తాత్రి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

రెండు రోజులు పని జరిగింది. దత్తాత్రి షాబాదు ఫర్షీ బండ ముక్కలు తెచ్చి నాలుగు మెట్లు కట్టాడు, చిన్న కాళ్లకు అందేటట్టు. చంద్రభాగ సున్నంలో నీలిమందు కలిపి గోడలకు పూసింది. కార్ఖానాలో నెమళ్ల వరుస తప్పు పడిందని పక్కన పడేసిన చద్దర్ ఒకటి దొరికితే, అది రెండు ఖోలీల నడుమ పర్దా అయింది. ఒక వరుసలో నెమళ్లకు తలలు రెండేసి వచ్చాయి, పిల్లలకు అవే నచ్చాయి. పోగు చుట్టే పాత కండెలు దారానికి గుచ్చి రైలుబండి చేశారు. విరిగిన రాట్నం చక్రం గోడకు బిగిస్తే తిప్పుకునే ఆట. మగ్గం తాళ్లు వేలాడిన దూలానికే చిన్న ఉయ్యాల. బీడీ కట్టలకు అంటించే రంగు కాగితాలు పాడైపోయినవి సునంద గోడ నిండా అంటించింది. గల్లీలో ఈ కబురు తెలిసి రాజమ్మ మనవళ్లిద్దరు పర్దా ఎత్తి వచ్చేశారు. సాయంత్రానికి గుంతలో నలుగురు పిల్లలు, ఒక మేకపిల్ల, ఒక చెంబు.

"ఏం యల్లమ్మా," అంటూ రాజమ్మ గోడ మీంచి అరిచింది. "మీ అత్త తిట్లన్ని నా మనుమలు నేర్చిండ్లు. ఇందాక నన్ను పట్టుకుని 'గొడ్డుపీనుగా' అంటున్నడు చిన్నోడు."

"నేనేం చేయాలె? మా అత్త ఎవరో నాకే యాదికి లేదు."

"నాకున్నది. బరోబర్ గట్లనే అంటుండె." రాజమ్మ నవ్వి, నవ్వు ఆపుకుని, "పిల్ల ఎట్లున్నది?" అని అడిగింది.

పిల్ల దగ్గుతూనే ఉంది.

తంబాకు పొడి తగ్గింది గానీ వాసన పోలేదు. అన్నిటికంటే పెద్ద లోపం గాలి. గుంతలో గాలి ఆడదు. కిటికీ కొట్టాలంటే అటు గోడ పక్కింటివాళ్లది. నలుగురు పిల్లలు గంతులేస్తే పది నిమిషాలకు ఉక్కపోసి, అంబు మెట్ల మీద కూలబడి రెండు చేతులతో పొట్ట పట్టుకుని దగ్గేది. మంగళవారం చంద్రభాగ బీడీ చుడుతూ చుడుతూ ఆగిపోయింది. చేతిలో ఆకు చేతిలోనే ఉంది. ఇక రెండు రోజులు.

యల్లమ్మ అది చూసింది. ఆమె ఆ మధ్యాహ్నం గోడకానుకుని ఒక కునుకు తీసింది. లేచేసరికి సునంద బడి నుంచి వచ్చి పర్దా అవతల నుంచి పిలుస్తోంది.

"నాయనమ్మా! గుంతల యాపచెట్టు నీడ పడ్డది!"

"ఏ యాపచెట్టే?"

"నాకేమెరుక? నీదే. ఆకులు కూడ ఊగుతున్నయి. అంబు నీడల పండుకున్నది."

చంద్రభాగ చాట దించి పరుగెత్తింది. నీలి గోడ మీద, నేల మీద, పిల్ల ముఖం మీద ఆకుల నీడ కదులుతోంది. గుంత చల్లబడింది. అంబు గంటసేపు పడుకుంది, ఆ గంటలో రెండేసార్లు దగ్గింది. కానీ నీడ నీడే, గాలి కాదు. లేచాక మళ్లీ మొదలు.

యల్లమ్మ గడప మీద కూర్చుని చాలాసేపు ఆలోచించింది. తనకు ఏ వేపచెట్టూ గుర్తు లేదు. గుర్తు లేని చోట నొప్పి కూడా లేదు, అది ఆమెకు వింతగా తోచింది. ఇన్నాళ్లు ఆమె అనుకున్నది, మర్చిపోతే పన్ను ఊడినట్టు నాలుక అక్కడికే పోతుందని. నీడ పడితే చల్లబడింది. మరి గాలి పడితే?

ఆమె దగ్గర ఒక గాలి ఉంది. కొంగు మూలన, అన్నిటికంటే మొదట వేసిన ముడిలో.

పుట్టిన ఊరు గోపన్నపేటలో, అప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు. కోతలైనంక కల్లం మీద వడ్లు తూర్పార పట్టేవాళ్లు. సాలోళ్లు బట్టలిచ్చి గింజలు తెచ్చుకునే కాలం. తల్లి కూడా కల్లంలో చేయి వేసేది. గాలి కోసం అందరూ చెట్ల కొసలు చూస్తూ నిలబడేవాళ్లు. ఉన్నట్టుండి గాలి లేచేది. తల్లి ఎత్తుపీట ఎక్కి చాట ఎత్తి పోస్తుంటే గింజ నిలువునా కింద పడేది, పొట్టు గాలికి అడ్డంగా ఎగిరిపోయేది. తల్లి చీర కొంగు ఎగిరి, వెనక ఎండ తగిలి, ముఖం కనపడేది. ఆ ఏడే జ్వరం వచ్చి తల్లి పోయింది. ఫోటో లేదు. ఆ ముఖం లోకంలో ఇంకెక్కడా లేదు, ఆ గాలిలో తప్ప. అరవై ఏళ్లుగా యల్లమ్మ దాన్ని రోజూ ఒకసారి తీసి చూసుకుని మళ్లీ దాచుకునేది.

బుధవారమంతా ఆమె చేయి కొంగు వదల్లేదు. అన్నం ముందు పెడితే సగం తిని లేచింది. పొట్టును ఎగరగొట్టే గాలి తంబాకు పొడిని ఎగరగొట్టదా అని ఒకసారి, ఇంకేదైనా ముడి చాలదా అని ఒకసారి వేళ్లు పందొమ్మిది ముళ్ల మీద అటూ ఇటూ తిరిగాయి. పిల్లల పేర్లున్నాయి, పెనిమిటి పేరుంది, మార్కండేయ గుడికి దారి ఉంది, చంద్రభాగ ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు ఉంది. గాలి ఒక్కదాంట్లోనే ఉంది.

బేస్తవారం పదింటికి పార్వతీబాయి బస్సు వస్తుంది. తొమ్మిదింటికి యల్లమ్మ వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"చంద్రా, నీ ఆకు కత్తెర ఇయ్యి."

"ఎందుకత్తా?"

"ఒక ముడి తెంపాలె."

చంద్రభాగ కొంగు మూల చూసింది, అత్త వేళ్లు పట్టుకున్న ముడి చూసింది. ఆ ఇంట్లో అందరికీ ఏ ముడి ఏదో తెలుసు. కత్తెర వెనక్కి దాచుకుంది.

"వద్దత్తా. అది నిన్ను కన్న మీ అవ్వ ముడి."

"అవ్ మరి."

"అది పోతే మల్ల రాదత్తా. నీ చేతుల పెట్టినా నువ్వు పోలుస్తవా? మేకపిల్లను పోల్చినవా?"

"ఏ మేకపిల్ల?" అంది యల్లమ్మ. చంద్రభాగకు ఏడుపు వచ్చింది. ముసలామె ఆమె మోకాలి మీద చేయి వేసింది. "చూడు బిడ్డా. మా అవ్వను నేను అరవై యేండ్లు ఉంచుకున్న. నీ బిడ్డ మూడేండ్లకే దాన్ని కన్న అవ్వను మర్చిపోవాల్నా? పంఢర్‌పూర్‌ల దాని కొంగుకు ముడి ఎవరేస్తరు?"

చంద్రభాగ కత్తెర ఇవ్వలేదు. నేల మీద పెట్టి ముఖం తిప్పుకుంది. యల్లమ్మ తీసుకుంది. చత్వారపు కళ్లతో ముడిని వెతకాల్సిన పని లేకపోయింది, వేళ్లకు తెలుసు. కళ్లు మూసుకుని ఆఖరుసారి కల్లంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో చంద్రభాగ లెక్కపెట్టలేదు. పొయ్యి మీద పాలు పొంగబోయి దిగిపోయాయి.

కత్తెర టక్కుమంది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత పర్దా అంచు కదిలింది. రెండు తలల నెమళ్లు ఒక్కొక్కటే ఊగాయి. గోడ మీద సునంద అంటించిన కాగితాలు గలగలలాడాయి. అప్పుడు గుంతలోంచి గాలి లేచింది. ఎండిన గడ్డి వాసన, ఎండ వాసన. అది వెనక ఖోలీలోంచి ముందు ఖోలీలోకి, ముందు ఖోలీలోంచి వాకిట్లోకి నేరుగా వీచింది, ఆగి ఆగి కాదు, ఒకే ఒరవడిగా. చాటలో ఆకులు లేవబోతే చంద్రభాగ రెండు చేతులతో కప్పింది. ఆకు బరువు, అది ఆగింది. పొడి ఆగలేదు. నేల సందుల్లోది, గోడల మీదిది, పడక గుడ్డల్లోది, ఏళ్ల తరబడి పేరుకున్న తంబాకు పొడి అంతా సన్నటి గోధుమరంగు పొరలా లేచి గడప దాటి పోయింది.

"ఎవ్వతే అది తంబాకు దులిపేది? నా కండ్లల్ల పడ్డది!" అని రాజమ్మ గల్లీలోంచి కేకేసింది.

గుంతలో అంబు దగ్గింది. మళ్లీ ఒకసారి దగ్గింది. మూడోసారి నోరు తెరిచి, దగ్గబోయి, గాలి మింగి, నవ్వింది.

చంద్రభాగ చాట తీసుకుని గడప దగ్గరికి జరిగి కూర్చుంది. గాలికి దిగువన. ఇక అక్కడే ఆమె చోటు. కళ్లు పర్దా వైపే ఉంటే ఒక్క బీడీ కూడా సరిగ్గా రాలేదు.

యల్లమ్మ కొంగు చివర చూసుకుంటోంది. "ఈడ చిల్లి ఎట్లయింది? ఎలుక కొట్టిందా?"

"కుడ్త అత్తా," అంది చంద్రభాగ. "మంచిగ కుడ్త."

పార్వతీబాయి ఆటో దిగేసరికి పదిన్నర. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో జాతర పేలాలు, బొరుగులు. ఇంకోదాంట్లో మూడేళ్ల పిల్లకు కుట్టించిన నాలుగు గౌన్లు. నెల రోజులకు నాలుగు గౌన్లు ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె కాళ్లు కడుక్కుని, తల్లికి దండం పెట్టి, "పిల్లేది?" అంది.

"లోపల ఖోలీల. ఆడుకుంటున్నది వదినె."

పార్వతీబాయి పర్దా ఎత్తి మెట్లు దిగింది. చంద్రభాగ గడప దగ్గరే ఉండిపోయింది. ఒంటిగంట అయింది. భోజనానికి పిలిస్తే, "జరాగు," అని గుంతలోంచి మాట వచ్చింది. రెండయింది. చంద్రభాగ ఎన్నిసార్లు లేచి ఎన్నిసార్లు కూర్చుందో. దత్తాత్రి ఆ రోజు సగం పనికే ఇంటికి వచ్చి, సైకిలుకు ఆనుకుని గల్లీలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

మూడింటికి పార్వతీబాయి పైకి వచ్చింది. జుట్టు నిండా వడ్ల పొట్టు. వచ్చి మరదలి ఎదురుగా కూలబడింది.

"పిల్ల దగ్గలేదు," అంది.

చంద్రభాగ చాట పక్కకు పెట్టింది.

"అబద్ధం చెప్ప చంద్రా. దాని వీపుకు చెవి పెట్టుకుని కూసున్న. ఒక్కసారన్న దగ్గు, ఒక్కసారి దగ్గితే తోల్కపోత, అని మనసుల అనుకున్న. నా నోట్లె మన్ను పడ. పసిపిల్ల దగ్గాలని కోరుకున్న." ఆమె చేతులతో ముఖం తుడుచుకుంది. "దగ్గలే. పండుకున్నది. గురక కూడ లేదు."

"వదినె..."

"ఆగు, చెప్పనీ. అది దగ్గలేదని ఎరుకైనంక నాకు ఏడుపు వస్తదనుకున్న. రాలే. పాణం అల్కగైంది. పన్నెండేండ్ల నుంచి ఎవరి బిడ్డను చూసినా నా కడుపుల ఒక రాయి కదులుతుండె. ఆడ కూసున్నంతసేపు అది కదల్లే." గౌన్ల సంచి చంద్రభాగ ముందుకు తోసింది. "ఇవి ఈడనే పెట్టు. వచ్చే ఏడుకు పొట్టిగైతయి, జల్దీ తొడుగు."

చంద్రభాగ ముందుకు జరిగింది. వదిన జుట్టులోంచి పొట్టు ఒక్కొక్కటే ఏరసాగింది. ఏరుతూ ఏరుతూ వెక్కింది. గల్లీలో దత్తాత్రి సైకిలు బెల్లు ఊరికే రెండుసార్లు కొట్టాడు.

పార్వతీబాయి తల్లి వైపు తిరిగింది. "అవ్వా, గుంతల ఒకామె ఉన్నది. ఎత్తుపీట మీద నిలబడి వడ్లు పోస్తున్నది."

"ఎవరామె?" అంది యల్లమ్మ.

పార్వతీబాయి మరదలి ముఖం చూసింది. చంద్రభాగ తల అడ్డంగా ఊపింది. "నాకెరుక లేదవ్వా," అంది పార్వతీబాయి. "ముక్కు నీ లెక్కనే ఉన్నది."

"అట్లనా. పిల్లలను కసురుతుందా?"

"లేదు. పిల్లల మీద పొట్టు పడకుంట ఆ పక్కకు తిరిగి పోస్తున్నది."

"అయితే ఉండనియ్యి," అంది యల్లమ్మ.

సాయంత్రం బస్సుకు పార్వతీబాయి పోయింది. పోయేముందు నిద్రలేచిన అంబును ఎత్తుకుని గల్లీ చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, చంద్రభాగ చేతికే ఇచ్చింది. దత్తాత్రి ఆమెను సైకిలు మీద స్టాండు దాకా దించి వచ్చాడు. ఇంట్లో ఆ పూట చాలా రోజుల తర్వాత అందరూ కడుపునిండా తిన్నారు. గాలి వీస్తూనే ఉంది, దీపం ఆరనంత మెత్తగా.

మరునాడు చంద్రభాగ గడప దగ్గర బీడీలు చుడుతుంటే అంబు వచ్చి నాయనమ్మ వేలు పట్టుకుని లాగింది.

"నానమ్మా, దా. ఆడుకుందాం దా."

యల్లమ్మ ఎన్నడూ ఆ గుంతలో కాలు పెట్టలేదు. మగ్గం నడిచినన్నాళ్లు అది మగవాళ్ల చోటు. తర్వాత భయం. తనవే అయి తనకు తెలియని సామాను నడుమ ఎట్లా నిలబడడం? కానీ పిల్ల వేలు వదల్లేదు. ఆమె గోడ పట్టుకుని ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు మీద ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా రెండూ దిగింది.

చల్లగా ఉంది. మెత్తటి ఎండ కూడా ఉంది. మేకపిల్ల వచ్చి ఆమె కాలికి తల రుద్దింది. అవతల ఎత్తుపీట మీద, కొంగు ఎగిరిపోతుంటే, ముప్పై ఏళ్ల మనిషి ఒకామె చాట ఎత్తి పోస్తోంది. గింజ నిలువునా రాలుతోంది. యల్లమ్మ ఆమెను చూసింది. ఎవరో తెలియలేదు. తెలియలేదని దిగులూ కలగలేదు. కొత్త ఊళ్లో మంచి మనిషి ఎదురైనట్టు ఉంది, అంతే.

ఆమె పని ఆపకుండా, ఇటు తిరక్కుండానే అంది.

"పక్కకు జరుగు బిడ్డా, పొట్టు కండ్లల్ల పడ్తది."

యల్లమ్మ మనుమరాలిని చంకనెత్తుకుని రెండడుగులు ఎడమకు జరిగింది. అక్కడ పొట్టు పడలేదు.